ఎనిమిదో తరగతి రెండుసార్లు

అమెరికాలో బాస్కెట్‌బాల్ ఆడే మగపిల్లల్లో కొందరు ఎనిమిదో తరగతి రెండుసార్లు చదువుతారు. పరీక్ష తప్పి కాదు, చాలామందికి మార్కులు నిక్షేపంగా ఉంటాయి. వాళ్లను ఆపేది తల్లిదండ్రులే. ఏడాది ఆగితే పిల్లవాడు రెండు మూడు అంగుళాలు పొడుగవుతాడు, ఒంట్లో బలం పుంజుకుంటాడు, హైస్కూలు జట్టుకు ఎంపికలు జరిగేనాటికి తోటివాళ్లకంటే ఏడాది పెద్దవాడై ఉంటాడు. అదీ లెక్క. దీన్ని అక్కడి కోచ్‌లు, తల్లిదండ్రులు రీక్లాస్ అంటారు. "వాడు మొన్నటిదాకా 2029 క్లాస్, ఇప్పుడు 2030" అనే మాట జిమ్ముల్లో మామూలుగా వినిపిస్తుంది. తరగతి తప్పిన సంగతి చుట్టాల దగ్గర దాచుకునే తెలుగు ఇళ్లకు ఇది వింతగానే తోస్తుంది. అక్కడ ప్రైవేటు స్కూలుకు ఫీజు కట్టి మరీ, పాసైన పిల్లవాణ్ని అదే తరగతిలో మళ్లీ చేర్చేవాళ్లున్నారు.

ఇది అర్థం కావాలంటే అక్కడ పిల్లల ఆట ఎలా నడుస్తుందో కొంత తెలియాలి. మన దగ్గర స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలు అండర్-14, అండర్-17, అండర్-19 అని వయసునుబట్టి జరుగుతాయి. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా పోటీలకు పుట్టిన సంవత్సరమే కొలత. అమెరికాలో మాత్రం ఆట స్కూలుతో ముడిపడి పెరిగింది. అందువల్ల పిల్లవాడి వయసుకన్నా అతను ఏ ఏడాది హైస్కూలు ముగిస్తాడన్నదే ముఖ్యమైంది. కాలేజీ కోచ్‌లు ఏ ఏడాదికి ఎంతమంది కావాలో చూసుకుని ఆ ఏడాది 'క్లాస్'లోంచి ఎంచుకుంటారు. ఆటగాళ్లకు ర్యాంకులిచ్చే సంస్థలూ క్లాసువారీగానే ఇస్తాయి. పద్నాలుగేళ్ల వాణ్నీ, పదిహేనున్నర ఏళ్ల వాణ్నీ ఒకే జాబితాలో పక్కపక్కన పెట్టి ఎవరు మేలో చెబుతారు.

స్కూలు జట్లకు తోడు క్లబ్బు జట్లు ఉంటాయి. వసంతంలోనూ, వేసవి సెలవుల్లోనూ ఊరూరా తిరిగి టోర్నమెంట్లు ఆడేవి ఇవే. 1888లో ఏర్పడిన అమెచ్యూర్ అథ్లెటిక్ యూనియన్, అంటే ఏఏయూ, ఈ క్లబ్బు ఆటకు మారుపేరైపోయింది. నైకీ, అడిడాస్, అండర్ ఆర్మర్ వంటి బూట్ల కంపెనీలు సొంత సర్క్యూట్లు నడుపుతాయి. కాలేజీ కోచ్‌ల కళ్లు పడేది ఎక్కువగా ఈ వేసవి ఆటల్లోనే.

వయసులో తేడా ఎంతదాకా వెళ్తుందో లెక్క వేసి చూస్తే బాగా తెలుస్తుంది. టెక్సస్‌తో సహా చాలా రాష్ట్రాల్లో సెప్టెంబరు 1 నాటికి ఐదేళ్లు నిండిన పిల్లలు ఆ ఏడాది కిండర్‌గార్టెన్‌లో చేరతారు. 2011 ఆగస్టు 25న పుట్టిన పిల్లవాడు 2016లో బడిలో చేరి, 2024-25లో ఎనిమిదో తరగతికి వస్తాడు. 2025 జనవరిలో మ్యాచ్ ఆడేటప్పటికి అతనికి 13 ఏళ్ల 4 నెలలు. 2010 సెప్టెంబరు 10న పుట్టినవాడు కొద్ది రోజుల తేడాతో కటాఫ్ తప్పి ఏడాది ఆగాడు కాబట్టి అతనూ అదే తరగతి. అతనికి 14 ఏళ్ల 4 నెలలు. ఇంతవరకూ ఎవరి తప్పూ లేదు, క్యాలెండర్ చేసిన పని. ఇప్పుడు 2009 సెప్టెంబరు 10న పుట్టిన మూడో పిల్లవాడు ఉన్నాడు. మామూలుగా అయితే ఈపాటికి తొమ్మిదో తరగతిలో ఉండాలి. రీక్లాస్ చేసి ఎనిమిది మళ్లీ చదువుతున్నాడు. అతనికి 15 ఏళ్ల 4 నెలలు. న్యూయార్క్ నగరంలో పద్ధతి వేరు. అక్కడి ప్రభుత్వ బడుల్లో ఐదేళ్లు నిండే క్యాలెండర్ ఏడాదిలోనే పిల్లల్ని చేర్చుకుంటారు, ఏడాది ఆపుకుంటామంటే సాధారణంగా ఒప్పుకోరు. 2011 డిసెంబరు 20న అక్కడ పుట్టినవాడు అదే జనవరిలో ఎనిమిదో తరగతిలో ఉంటాడు, పదమూడేళ్లు నిండి నెలన్నా కాకుండానే. క్లబ్బు టోర్నమెంటులో ఈ నలుగురూ ఒకే కోర్టు మీద కలవవచ్చు. చివరి ఇద్దరి మధ్య రెండేళ్లు దాటిన తేడా.

నలభై ఏళ్ల మనుషుల మధ్య రెండేళ్లంటే లెక్కలోకి రాదు. పదమూడు, పదిహేను మధ్య రెండేళ్లు వేరే విషయం. మగపిల్లలు అన్నిటికన్నా వేగంగా పొడుగు పెరిగేది సుమారు పదమూడున్నర, పద్నాలుగేళ్ల ప్రాంతంలో. ఆ ఏడాది తొమ్మిది పది సెంటీమీటర్లు పెరగడం మామూలు. అమెరికా ఆరోగ్యశాఖ వాడే ఎదుగుదల పట్టికల్లో పదమూడున్నర ఏళ్ల సగటు కుర్రాడు సుమారు 160 సెంటీమీటర్లు ఉంటే, పదిహేనున్నర ఏళ్ల సగటు కుర్రాడు 170 దాటి ఉంటాడు. బరువులో పది కిలోల తేడా వస్తుంది. ఫుట్‌బాల్‌లో పొట్టివాడు సందుల్లోంచి దూరిపోవచ్చు. బాస్కెట్‌బాల్‌లో రింగు పది అడుగుల ఎత్తున, అందరికీ ఒకేచోట ఉంటుంది. రింగుకు తగిలి వెనక్కొచ్చే బంతి, అంటే రీబౌండ్, కోసం ఇద్దరు ఎగిరితే పొడుగువాడి చేతికే బంతి. షాటు వేయబోతే ఎదుట లేచిన చెయ్యి ఎంత ఎత్తున ఉందన్నదే ప్రశ్న. పొడవును కోచ్ నేర్పలేడు, సాధన చేసి తెచ్చుకోలేరు. అది వచ్చేదాకా ఆగడం ఒక్కటే దారి, రీక్లాస్ చేసేవాళ్లు చేసేది సరిగ్గా అదే.

పుట్టిన నెలకూ ఆటలో ఎంపికకూ సంబంధం ఉందని మొదట గట్టిగా చూపినవాళ్లలో ఒకడు కెనడా మనస్తత్వవేత్త రోజర్ బార్న్‌స్లీ. 1980ల మధ్యలో లెత్‌బ్రిడ్జ్ ఊళ్లో జరిగిన ఐస్ హాకీ మ్యాచ్‌లో ఆటగాళ్ల వివరాలు చదువుతూ ఆ తేడాను ముందుగా పసిగట్టింది ఆయన భార్య పౌలా. జట్టులో జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో పుట్టినవాళ్లు కుప్పలుగా ఉన్నారు. కెనడా హాకీకి కటాఫ్ తేదీ జనవరి 1. ఏడాది మొదట్లో పుట్టినవాడు చిన్నప్పుడు తన జట్టులో అందరికన్నా పెద్దవాడు, బలంగా కనిపిస్తాడు. మంచి జట్టుకు ఎంపికవుతాడు. అక్కడ మంచి కోచ్ దొరుకుతాడు, ఎక్కువ మ్యాచ్‌లు దొరుకుతాయి. నాలుగేళ్లు గడిచేసరికి నిజంగానే మంచి ఆటగాడవుతాడు. మొదట ఉన్నది నెలల తేడా, చివరికి మిగిలింది నైపుణ్యంలో తేడా. బార్న్‌స్లీ బృందం 1985లో దీన్ని ప్రచురించింది. 2008లో మాల్కమ్ గ్లాడ్‌వెల్ పుస్తకం అవుట్‌లయర్స్‌తో మామూలు పాఠకులకూ తెలిసింది. ఫ్రాన్స్‌లో నికోలా దెలోర్మ్ అనే పరిశోధకుడు అక్కడి బాలల బాస్కెట్‌బాల్ లైసెన్సులన్నీ పరిశీలించి 2009లో ఇదే ధోరణిని చూపించాడు. రీక్లాస్ అనేది ఈ సూత్రాన్ని డబ్బు పెట్టి కొనుక్కోవడం. కెనడాలో జనవరిలో పుట్టినవాడికి అది అదృష్టవశాత్తూ దొరికింది, అమెరికాలో ఫీజు కట్టినవాడికి దొరుకుతుంది.

బడిలో చేర్చడాన్నే ఏడాది ఆలస్యం చేసే అలవాటు ఆటతో పనిలేకుండా కూడా ఉంది. కిండర్‌గార్టెన్‌లో చేరాల్సిన పిల్లల్లో నూటికి నలుగురైదుగుర్ని ఇలా ఆపుతున్నారని 2013లో వెలువడిన ఒక పరిశీలనలో తేలింది. వేసవిలో పుట్టిన మగపిల్లలు, ఉన్న కుటుంబాల పిల్లలు వీళ్లలో ఎక్కువ. మగపిల్లల మెదడు ఆడపిల్లలకన్నా ఆలస్యంగా పరిణతి చెందుతుంది కాబట్టి వాళ్లందర్నీ ఏడాది ఆలస్యంగానే చేర్చాలని రిచర్డ్ రీవ్స్ 2022లో వచ్చిన తన పుస్తకంలో వాదించాడు. ఆ వాదన చదువుకు సంబంధించినది, దాని మంచిచెడులు వేరే చర్చ. ఐదేళ్ల పిల్లవాణ్ని ఏడాది ఆపడంలో కోర్టు మీద ఎవరి చోటూ నేరుగా పోదు. పదమూడేళ్ల వాణ్ని టోర్నమెంటు కోసం ఆపితే పోతుంది.

ఇంతకీ ఎనిమిదో తరగతే ఎందుకు? తొమ్మిదో తరగతిలో అడుగుపెట్టగానే రెండు గడియారాలు మొదలవుతాయి. ఒకటి రాష్ట్ర హైస్కూలు సంఘానిది. తొమ్మిదిలో చేరిననాటినుంచి ఎనిమిది సెమిస్టర్లు, అంటే నాలుగేళ్లు, అంతే ఆడనిస్తారు. రెండోది కాలేజీ క్రీడలు నడిపే ఎన్‌సీఏఏది. పై స్థాయి కాలేజీలో, అంటే డివిజన్ వన్‌లో, ఆడాలంటే నిర్దేశించిన పదహారు ప్రధాన కోర్సులను తొమ్మిదో తరగతి మొదలుపెట్టిన నాలుగేళ్లలోపే ముగించాలి. ఆ తర్వాత ఒక్క కోర్సుకే వెసులుబాటు ఉంది. కాబట్టి తొమ్మిది దాటాక ఆగితే నష్టం, దాటకముందు ఆగితే ఏ గడియారమూ కదలదు. చట్టంలో ఎక్కడ సందుందో అక్కడే జనం గుమిగూడతారు.

పన్నెండో తరగతి ముగిశాక పెద్ద ఫీజులుండే బోర్డింగ్ స్కూళ్లలో ఇంకో ఏడాది చేరే పోస్ట్‌గ్రాడ్యుయేట్ పద్ధతి కూడా ఈశాన్య రాష్ట్రాల్లో చాలాకాలంగా ఉంది. అది వేరే దారి, దాని ఖర్చూ వేరు.

ఇటీవల రీక్లాస్ ఒత్తిడి పెరగడానికి కారణాలున్నాయి. 2021 జూలైనుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు మీద ప్రకటనల ద్వారా డబ్బు సంపాదించుకోవచ్చు. 2025 జూన్‌లో ఒక ఫెడరల్ జడ్జి ఆమోదించిన రాజీ ప్రకారం కాలేజీలే ఆటగాళ్లకు నేరుగా చెల్లించే ఏర్పాటు వచ్చింది. మొదటి ఏడాదికి ఒక్కో కాలేజీ పరిమితి సుమారు రెండు కోట్ల ఐదు లక్షల డాలర్లు. దానికి తోడు ఒక కాలేజీనుంచి ఇంకో కాలేజీకి మారడం తేలికైంది. కోవిడ్ ఏడాదిని లెక్కలోంచి తీసేయడంతో ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల ఆటగాళ్లు కాలేజీ జట్లలో నిండారు. అనుభవం ఉన్న పెద్దవాడు దొరుకుతుంటే హైస్కూలునుంచి వచ్చే పద్దెనిమిదేళ్ల కుర్రాడికి కోచ్ చోటెందుకిస్తాడు? "అయితే మావాణ్ని పంతొమ్మిదేళ్ల వాడిగా పంపుతాం" అంటాడు తండ్రి. ఆ తండ్రిని తప్పుపట్టడం తేలిక, అతని లెక్కను కొట్టిపారేయడం అంత తేలిక కాదు. కానీ ఇంకో లెక్క కూడా ఉంది. అమెరికా హైస్కూళ్లలో బాస్కెట్‌బాల్ ఆడే అబ్బాయిలు ఐదు లక్షలకు పైనే. వాళ్లలో ఎన్‌సీఏఏ కాలేజీ జట్లలో ఏదో ఒకదానికి చేరేది నూటికి ముగ్గురో నలుగురో. డివిజన్ వన్‌కు చేరేది నూటికి ఒక్కడు. తరగతి ఆపినవాళ్లందరూ ఆ ఒక్కడి చోటు కోసమే ఆపుతున్నారు.

రీక్లాస్‌ను సమర్థించేవాళ్ల వాదనల్లో కొన్ని పసలేనివి. నిబంధన ఒప్పుకుంటోంది కాబట్టి తప్పులేదంటారు. నిబంధన ఒప్పుకున్నంత మాత్రాన పని న్యాయమైపోదు. ఎవరైనా చేసుకోవచ్చు కదా అని ఇంకో మాట. అందరూ చేస్తే మళ్లీ అందరూ సమానమే, ఒక్కో పిల్లవాడి జీవితంలో ఏడాది మాత్రం ఖర్చయిపోతుంది. పైగా అందరూ చేయలేరు. బాగా చదివి పాసైన పిల్లవాణ్ని మళ్లీ అదే తరగతిలో కూర్చోబెట్టడానికి ప్రభుత్వ బడి సాధారణంగా ఒప్పుకోదు. ప్రైవేటు స్కూలుకు మారాలి, లేదా ఏడాది ఇంట్లో ఉంచి చదివించాలి. మొదటిదానికి ఫీజు, రెండోదానికి ఉద్యోగం మానుకుని ఇంట్లో ఉండగల తల్లో తండ్రో కావాలి.

గట్టిగా నిలబడే వాదన ఒక్కటే, ఆలస్యంగా ఎదిగే పిల్లలది. ఒకే రోజు పుట్టిన ఇద్దరు పదమూడేళ్ల కుర్రాళ్లలో ఒకడికి మీసాలు మొలుస్తుంటాయి, ఇంకొకడి గొంతు కూడా మారి ఉండదు. ఎముకల ఎదుగుదలనుబట్టి చూస్తే ఆ వయసు పిల్లల మధ్య నాలుగైదేళ్ల తేడా కూడా ఉండవచ్చు. అలాంటప్పుడు పుట్టినతేదీని పట్టుకుని వేలాడటం ఏం న్యాయం, ఆలస్యంగా ఎదిగేవాడికి ఏడాది ఇస్తే తేడా తగ్గుతుంది కదా అంటారు. మాట నిజమే. అయితే రీక్లాస్ చేసేవాళ్లలో ఎదుగుదల ఆలస్యమైనవాళ్లే ఉంటారనే హామీ ఏమీ లేదు. అప్పటికే ఆరడుగులున్నవాడు ఇంకా పెద్ద ర్యాంకు కోసం ఆగడాన్ని ఈ వాదన సమర్థించలేదు. డాక్టరు ఎదుగుదల చూసి రాసిచ్చిన కాగితంతో ఏడాది ఇస్తే అది ఒక పద్ధతి. ఫీజు రసీదుతో ఇస్తే అది వేరే పద్ధతి.

ఈ వ్యవహారంలో కనపడని మనిషి ఇంకొకడుంటాడు. జట్టులో పన్నెండు చోట్లుంటే పదమూడోవాడు ఇంటికి వెళ్లాలి. రీక్లాస్ చేసి వచ్చిన పదిహేనేళ్ల వాడు జట్టులో చేరినప్పుడు పక్కకు తప్పుకున్న పదమూడేళ్ల వాడికి తనను ఓడించింది ఏమిటో తెలియదు. జట్టు జాబితాలో పుట్టినతేదీలుండవు. నేను చాలనేమో అనుకుని బంతి పక్కన పెట్టేస్తాడు. ఈ మొత్తం ఏర్పాటులో అన్యాయం అన్నమాట సరిగ్గా వర్తించేది ఇక్కడే. పెద్దవాడు గెలవడం కొత్తేమీ కాదు. ఎవరితో ఆడుతున్నాడో చిన్నవాడికి చెప్పకుండా ఆడించడం మాత్రం మోసానికి దగ్గరగా ఉంది.

ఆపిన పిల్లవాడికైనా మేలు జరుగుతుందా అంటే, ప్రతిసారీ జరగదు. తోటివాళ్లకన్నా పొడుగ్గా ఉన్న పన్నెండు పదమూడేళ్ల వాణ్ని కోచ్ రింగు కింద నిలబెడతాడు. చేతులెత్తి నిలబడు, రీబౌండ్ పట్టు, పక్కవాడికి ఇచ్చెయ్. మ్యాచ్ గెలవాలంటే అదే సులువు. బంతి తట్టుకుంటూ కోర్టు దాటడం, దూరంనుంచి వేయడం, ఎదుటివాడి కాళ్లు చూసి దారి మార్చడం, ఇవన్నీ పొట్టివాళ్ల పనులైపోతాయి. రెండు మూడేళ్లలో మిగతావాళ్లు ఎదిగి అతన్ని అందుకుంటారు. అప్పుడు ఆరడుగుల ఒక అంగుళం ఉన్న పద్దెనిమిదేళ్ల వాడికి రింగు కింద ఆడే సెంటర్ ఆట తప్ప ఇంకేమీ రాదు, ఆ పొడవుకు కాలేజీలో సెంటర్‌గా చోటు లేదు. దీనికి ఎదురు ఉదాహరణ అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ ఆటగాడు ఆంథనీ డేవిస్. హైస్కూల్లో చేరినప్పుడు బంతి నడిపే సుమారు ఆరడుగుల గార్డ్, ముగించేసరికి ఆరడుగుల పది అంగుళాలు. పొట్టిగా ఉన్నప్పుడు నేర్చుకున్న బంతి పనితనం పొడుగయ్యాక కూడా చేతుల్లోనే ఉండిపోయింది. 2012 ఎన్‌బీఏ ఎంపికల్లో అతనే మొదటివాడు. ఆలస్యంగా ఎదగడం అతనికి నష్టం కాలేదు. అందరికీ అలా జరుగుతుందని చెప్పలేం కానీ, పెద్దగా కనిపించడమే ఆట అనుకునేవాళ్లు అతన్ని గుర్తుంచుకోవాలి.

అసలు సిసలు ప్రతిభ ఉన్నవాళ్లు రీక్లాస్‌ను తిరగేసి వాడుకుంటారు. మెయిన్ రాష్ట్రపు కుర్రాడు కూపర్ ఫ్లాగ్ పుట్టింది 2006 డిసెంబరు 21న. 2025 క్లాసులో ఉండాల్సినవాడు ఏడాది ముందుకు జరిగి 2024లోనే హైస్కూలు ముగించాడు. పదిహేడేళ్ల వయసులో డ్యూక్ యూనివర్సిటీలో ఆట మొదలుపెట్టి, 2025 ఎన్‌బీఏ ఎంపికల్లో డల్లాస్ మావరిక్స్‌కు మొదటి ఆటగాడిగా వెళ్లాడు. అంతకుముందు మార్విన్ బాగ్లీ కూడా 2017లో ఇలాగే ఏడాది ముందే డ్యూక్‌లో చేరాడు. ఎన్‌బీఏలో చేరాలంటే ఆ క్యాలెండర్ ఏడాదిలో పంతొమ్మిదేళ్లు నిండాలనే నిబంధన 2006 ఎంపికలనుంచి అమల్లో ఉంది. త్వరగా అక్కడికి చేరాలనుకునేవాడికి తరగతి ఆగడం దండగ. ఎన్‌బీఏ జట్లు లెక్కగట్టేది వయసునుబట్టే. ఒకే ఆట ఆడే పంతొమ్మిదేళ్ల వాడికీ ఇరవై రెండేళ్ల వాడికీ వాళ్లు ఒకే ధర కట్టరు. కింద తరగతులవాళ్లు చూడని పుట్టినతేదీని పైవాళ్లు ముందుగా చూస్తారు.

రాష్ట్రాల హైస్కూలు సంఘాలు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. టెక్సస్‌లో యూనివర్సిటీ ఇంటర్‌స్కొలాస్టిక్ లీగ్ నిబంధన ప్రకారం ఆట కోసం ఏడో తరగతిలోనో ఎనిమిదిలోనో ఏడాది ఆగిన విద్యార్థి హైస్కూల్లో నాలుగో ఏడాది ఆడే హక్కు కోల్పోతాడు. ముందు తీసుకున్న ఏడాదిని వెనకనుంచి వసూలు చేస్తారన్నమాట. కెంటకీ ఇంకా సూటిగా వెళ్లింది. నాలుగునుంచి ఎనిమిదో తరగతిదాకా ఏ తరగతి మళ్లీ చదివినా, కారణం ఏదైనా, ఆ రెండో ఏడాది స్కూలు జట్టులో ఆడనివ్వరు. ఆగస్టు 1కి ముందే పంతొమ్మిదేళ్లు నిండినవాడికి కెంటకీ హైస్కూలు ఆటలో చోటులేదు. టెక్సస్‌లో ఆ తేదీ సెప్టెంబరు 1. టెక్సస్ పద్ధతిలో ఒక చిక్కుంది. పిల్లవాడు ఆట కోసమే ఆగాడని ఎవరు రుజువు చేయాలి? లెక్కలు సరిగా రావడం లేదని తండ్రి చెబితే కాదనేదెవరు? కెంటకీ నియమం ఆ ప్రశ్నే అడగదు. ఆ మొండితనమే దాని బలం, దానివల్లే నిజంగా చదువులో వెనకబడి ఆగినవాడు కూడా నలిగిపోతాడు.

ఆ నలిగిపోయేవాళ్ల గోడు కోర్టులదాకా వెళ్లింది. అక్షరాలు కూడబలుక్కోవడంలో ఇబ్బంది ఉండి చిన్నతరగతుల్లో ఆగిన పిల్లలు పన్నెండో తరగతికి వచ్చేసరికి పంతొమ్మిది దాటేస్తారు. వైకల్యం ఉన్నవాళ్ల పట్ల వివక్ష చూపకూడదనే 1990 నాటి చట్టాన్ని ఆసరా చేసుకుని 1994లో మిస్సోరి విద్యార్థి, 1995లో మిషిగన్ విద్యార్థులు వేసిన కేసుల్లో అప్పీలు కోర్టులు క్రీడాసంఘాల వైపే మొగ్గాయి. వయసు పరిమితి మిగతా పిల్లల రక్షణ కోసం ఉందని, దాన్ని సడలిస్తే ఆ నియమానికి అర్థమే పోతుందని భావించాయి. 1999లో ఇండియానా బాస్కెట్‌బాల్ ఆటగాడొకడి కేసులో ఇంకో అప్పీలు కోర్టు వేరేగా చూసింది. చదువు కుదరక మధ్యలో బడి మానేసి మళ్లీ చేరిన ఆ కుర్రాడికి ఎనిమిది సెమిస్టర్ల నియమం నుంచి మినహాయింపు దక్కింది. అతన్ని తిరిగి బడికి తెచ్చింది బాస్కెట్‌బాలే. ఆట కోసం తరగతి ఆపడం ఒకటి, ఆట వల్ల చదువు నిలబడటం ఇంకొకటి. నిబంధన రాసేవాళ్లకు ఈ రెంటినీ విడదీయడం అంత తేలిక కాదని ఆ తీర్పులు చదివితే తెలుస్తుంది.

రాష్ట్ర సంఘాల మాట స్కూలు జట్ల వరకే చెల్లుతుంది. క్లబ్బు టోర్నమెంట్లు వాటి చేతిలో లేవు, అసలు సందు అక్కడే ఉంది. ఏఏయూ ఎనిమిదో తరగతి విభాగానికి వయసు పరిమితి ఆగస్టు 31 నాటికి పద్నాలుగు. ఎనిమిదిలోనే చదువుతున్నట్టు బడి రికార్డు చూపిస్తే పదిహేను ఉన్నా ఆడనిస్తారు. చదువులో ఆగిన పిల్లవాడు స్నేహితులతో ఆడుకోవాలని పెట్టిన సడలింపు రీక్లాస్ చేసేవాళ్లకు రాచబాట అయింది. ప్రైవేటు నిర్వాహకులు నడిపే టోర్నమెంట్లలో కొన్నిటికి తరగతి ఒక్కటే కొలమానం. నిర్వాహకుడికి వచ్చే ఆదాయం జట్లు కట్టే ప్రవేశ రుసుము. పెద్ద పేరున్న జట్టు వస్తానంటే పుట్టినతేదీ అడిగి పంపించేసే ధైర్యం అందరికీ ఉండదు.

తేదీని మార్చితే సమస్య తీరుతుందా అంటే, అమెరికా బాలల సాకర్, అంటే మనం ఫుట్‌బాల్ అనే ఆట, అనుభవం చూడవచ్చు. అక్కడ బడి ఏడాదికి దగ్గరగా ఉన్న ఆగస్టు 1 కటాఫ్‌ను 2016 ప్రాంతంలో తీసేసి, ప్రపంచమంతా పాటించే పుట్టిన సంవత్సరం పద్ధతికి మారారు. దానితో ఒకే తరగతి స్నేహితులు రెండు జట్లకు చీలిపోయారు. జట్టులో సగం మంది హైస్కూలుకు వెళ్లిపోతే ఎనిమిదిలో మిగిలినవాళ్లకు ఆ సీజన్లో ఆడటానికి జట్టే లేకుండా పోయింది. చివరకు 2026-27 సీజన్‌నుంచి ప్రధాన సంఘాలు మళ్లీ ఆగస్టు తేదీకి తిరిగివెళ్తున్నాయి. గీత ఎక్కడ గీసినా దానికి ఇవతల ఒకడు చిన్నవాడుగా మిగులుతాడు. అయినా తేదీతో గీసిన గీతకు ఒక గుణముంది, దాన్ని ఎవరూ కొనలేరు.

కొనలేరుగానీ దిద్దగలరు. మన దేశం అనుభవం అదే. ఇక్కడ పోటీలన్నీ వయసునుబట్టి కాబట్టి ఎవరూ తరగతి ఆపరు, పుట్టినతేదీనే మారుస్తారు. పదో తరగతి మెమోలో ఏ తేదీ ఉంటే అదే జీవితాంతం పుట్టినరోజు. బడిలో చేర్చేనాడు పంతులుగారు జూన్ నెలలో ఏదో ఒక తేదీ వేసేసిన తరం తెలుగునాట ఇంకా చాలామంది ఉన్నారు. దాన్ని అమాయకత్వం అనుకోవచ్చు. అండర్-14 పోటీకి పదహారేళ్ల వాణ్ని దింపడానికి సర్టిఫికెట్ పుట్టించడం అమాయకత్వం కాదు. కేంద్ర క్రీడాశాఖ 2010లో వయసు మోసాలకు జాతీయ నియమావళి తెచ్చింది. క్రికెట్ బోర్డు బాలల టోర్నమెంట్లకు ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు లెక్కగట్టే పద్ధతి వాడుతోంది. ఆ పరీక్షలో ఏడాది అటూ ఇటూ తేడా సహజం కాబట్టి అదీ నూటికి నూరుపాళ్లు నిక్కచ్చి కాదు. అమెరికావాడు తరగతి మారుస్తాడు, మనవాడు తేదీ మారుస్తాడు. మొదటివాడు కనీసం అబద్ధపు కాగితం చూపడం లేదు, చట్టం దృష్టిలో అతను నేరస్థుడు కాడు. 2001లో లిటిల్ లీగ్ బేస్‌బాల్‌లో పద్నాలుగేళ్ల పిల్లవాణ్ని పన్నెండేళ్ల వాడిగా ఆడించారని బయటపడ్డప్పుడు అమెరికా అంతా గగ్గోలు పెట్టింది. ఆ జట్టు గెలుపులు రద్దుచేశారు. రీక్లాస్ విషయంలో అంత గగ్గోలు లేదు, కోర్టు మీద చిన్నవాడికి జరిగేది మాత్రం రెండుచోట్లా ఒకటే.

చేయదగిన పనులు లేకపోలేదు. ఇంగ్లాండు ఫుట్‌బాల్ క్లబ్బులు 2015నుంచి అప్పుడప్పుడు పుట్టినతేదీ పక్కనపెట్టి, శారీరక ఎదుగుదల దశనుబట్టి పిల్లల్ని కలిపి ఆడించి చూస్తున్నాయి. త్వరగా ఎదిగినవాడు తనంత బలమైనవాళ్ల మధ్య తెలివి వాడటం నేర్చుకుంటాడు, ఆలస్యంగా ఎదిగేవాడికి బంతి దొరుకుతుంది. రోజూ ఆడే లీగ్‌కు ఇది కుదరదు, ఏడాదికి కొన్ని మ్యాచ్‌లకు బాగా పనికొస్తుంది. ఎన్‌బీఏ, యూఎస్ఏ బాస్కెట్‌బాల్ కలిసి విడుదల చేసిన బాలల మార్గదర్శకాలు ఏడెనిమిదేళ్లవాళ్లకు ఎనిమిది అడుగుల రింగు, తొమ్మిదినుంచి పదకొండేళ్లవాళ్లకు తొమ్మిది అడుగుల రింగు, చిన్న బంతి చాలంటున్నాయి. రింగు దించితే పొడవు విలువ కొంత తగ్గుతుంది, చేతి పనితనం విలువ పెరుగుతుంది. పదమూడేళ్ల లోపు పిల్లలకు దేశవ్యాప్త ర్యాంకులివ్వడం మానేస్తే తరగతి ఆపాలనే ఆత్రం సగం తగ్గుతుంది. అది వ్యాపారం కాబట్టి తమంతట తాము మానరు.

ఇవన్నీ వచ్చేదాకా చేయాల్సింది మామూలు పని. టెక్సస్, కెంటకీ సంఘాలు స్కూలు జట్లకు పెట్టిన అడ్డు క్లబ్బు టోర్నమెంట్లకూ పెట్టాలి. వయసు పరిమితి పుట్టినతేదీతోనే నడవాలి. సడలింపు చదువులో వెనకబడ్డవాడికి, వైకల్యం ఉన్నవాడికి, ఆరోగ్యం బాగాలేక ఏడాది పోగొట్టుకున్నవాడికి మాత్రమే, కాగితం చూసి ఇవ్వాలి. జట్టు జాబితాలో పేరు పక్కన, నంబరు పక్కన పుట్టిన నెలా సంవత్సరమూ అచ్చువేయాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక గడి పెంచితే చాలు.

డల్లాస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనోల్లోనూ, న్యూజెర్సీ ఎడిసన్‌లోనూ స్థిరపడ్డ తెలుగు కుటుంబాల పిల్లలు ఈ లీగుల్లో చేరుతున్నారు. ఆగస్టులో పుట్టినవాణ్ని ఐదేళ్లు నిండగానే బడిలో వేయాలని తాపత్రయపడే తల్లిదండ్రులు, వాడు కోర్టు మీద అందరికన్నా చిన్నవాడు కాబోతున్నాడన్న సంగతి కూడా లెక్కలో పెట్టుకోవాలి. క్లబ్బుకు ఫీజు కట్టేముందు రెండు ప్రశ్నలు అడగడం మంచిది: ఈ టోర్నమెంటు వయసుతో నడుస్తుందా, తరగతితోనా? తరగతితో అయితే, ఎన్నేళ్ల వాడిదాకా ఒప్పుకుంటారు? నిర్వాహకుడు సూటిగా జవాబు చెప్పకపోతే ఆ డబ్బు ఇంకో లీగ్‌కు కట్టవచ్చు.